ఐర్లాండ్‌కు వచ్చిన పెట్టుబడి ఎంత? పుస్తకాల్లో రాసుకున్నది ఎంత?

సంక్షిప్తంగా: ఐర్లాండ్ జనాభా 50 లక్షల పైచిలుకు. ఆ దేశంలో పేరుకున్న విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి (ఎఫ్‌డీఐ) లక్ష కోట్ల యూరోలు దాటింది. అందులో కొంత ఫ్యాక్టరీలుగా, ఉద్యోగాలుగా కంటికి కనిపిస్తుంది. మిగతాది పేటెంట్లు, లీజు విమానాలు, కంపెనీ రిజిస్ట్రేషన్ల రూపంలో పుస్తకాల్లో ఉంటుంది. పన్ను మాత్రం రెండింటి మీదా వస్తోంది. ఆ పన్నులో సగానికి పైగా పది కంపెనీలే కడుతుండటం, ఆ కంపెనీల్లో ఎక్కువ అమెరికావే కావడం వల్ల వాషింగ్టన్‌లో తీసుకునే ప్రతి నిర్ణయం డబ్లిన్ బడ్జెట్‌ను తాకుతోంది.

ఒక్క ఏడాదిలో 26 శాతం

2016 జులై 12న ఐర్లాండ్ కేంద్ర గణాంక కార్యాలయం అంతకుముందు ఏడాది జీడీపీ అంకెలను సవరించి విడుదల చేసింది. మొదట 7.8 శాతం అనుకున్న వృద్ధి 26.3 శాతంగా తేలింది. ఆ ఏడాది డబ్లిన్‌లో జీతాలు పావు వంతు పెరిగింది లేదు, ఊరూరా ఫ్యాక్టరీలు వెలిసిందీ లేదు. అమెరికా ఆర్థికవేత్త పాల్ క్రుగ్‌మన్ దీనికి ‘లెప్రకాన్ ఎకనామిక్స్’ అని పేరు పెట్టారు. లెప్రకాన్ అంటే ఐరిష్ జానపద కథల్లో బంగారు నాణేల కుండ దాచుకుని, మనుషులను బురిడీ కొట్టించే చిట్టి మనిషి.

తెలుగులో అయితే కాకి లెక్కలు అని కొట్టిపారేసేవాళ్లు. నిజానికి అవి కాకి లెక్కలు కావు. అంతర్జాతీయ నిబంధనలను అక్షరం తప్పకుండా పాటించి వేసిన లెక్కలే. నిబంధనలు పాటించాకే ఇలాంటి అంకె వచ్చిందంటే, విదేశీ పెట్టుబడిని కొలిచే పద్ధతి ఏమిటో ముందు చూడాలి.

ఎఫ్‌డీఐ అని దేన్ని అంటారు?

ఎఫ్‌డీఐ అనగానే విదేశీ కంపెనీ వాళ్లు వచ్చి, స్థలం చూసుకుని, షెడ్లు వేసి, మనుషులను తీసుకోవడం గుర్తొస్తుంది. గణాంకాల్లో దాని అర్థం వేరు. ఒక దేశపు సంస్థకు మరో దేశపు కంపెనీలో కనీసం 10 శాతం ఓటింగ్ హక్కు ఉంటే, ఆ రెండింటి మధ్య నడిచే పెట్టుబడి లావాదేవీలు ఎఫ్‌డీఐ కింద వస్తాయి. అందులో వాటాగా పెట్టిన మూలధనం ఉంటుంది. ఇక్కడ సంపాదించి, తల్లి కంపెనీకి పంపకుండా ఇక్కడే ఉంచుకున్న లాభం ఉంటుంది. తల్లి కంపెనీకీ పిల్ల కంపెనీకీ మధ్య అప్పులూ ఉంటాయి.

కాబట్టి ఇటుక మీద ఇటుక పెట్టకుండానే ఎఫ్‌డీఐ పెరగవచ్చు, ఒక్క ఇటుకా కదలకుండానే తగ్గవచ్చు. 2017 డిసెంబరులో అమెరికా తన కార్పొరేట్ పన్నును 35 నుంచి 21 శాతానికి తగ్గించింది. విదేశాల్లో ఏళ్ల తరబడి ఉంచిన లాభాలపై ఒక్కసారికి పన్ను వేసి, ఇక సొంత దేశానికి తెచ్చుకోవచ్చని చెప్పింది. అమెరికా కంపెనీలు తమ ఐరిష్ అనుబంధ సంస్థల నుంచి డివిడెండ్ల రూపంలో డబ్బు వెనక్కి తీసుకున్నాయి. 2018లో ఐర్లాండ్‌కు వచ్చిన ఎఫ్‌డీఐ మైనస్ అంకెలోకి జారింది. అదే ఏడాది ఆ దేశంలో ఉద్యోగాలు మాత్రం పెరిగాయి.

పెట్టుబడుల సదస్సుల్లో ప్రకటించే ఒప్పందాల మొత్తానికీ, తర్వాత గ్రౌండ్ అయ్యేవాటికీ ఉండే తేడా తెలుగు పాఠకులకు కొత్తేమీ కాదు. ఐర్లాండ్‌లో ఉన్న తేడా అలాంటిది కాదు. అక్కడ నమోదైన డబ్బు నిజంగా నమోదైనదే. అది దేని కోసం అక్కడికి చేరిందన్నదే అసలు ప్రశ్న.

తలుపులు మూసుకున్న దేశం తెరిచిన దారి

ఇంతగా విదేశీ పెట్టుబడి మీద నిలబడిన దేశం ఒకప్పుడు దాన్ని చట్టం పెట్టి అడ్డుకుంది. 1932, 1934 చట్టాల ప్రకారం పరిశ్రమల యాజమాన్యం ఐరిష్ పౌరుల చేతుల్లోనే ఉండాలి. దిగుమతులపై భారీ సుంకాలు ఉండేవి. 30 లక్షల లోపు జనాభా ఉన్న చిన్న మార్కెట్లో ఈ విధానం పెద్దగా పనిచేయలేదు. 1950లలో దాదాపు 4 లక్షల మంది బతుకుతెరువు కోసం దేశం వదిలి వెళ్లిపోయారు.

మలుపు 1956లో మొదలైంది. ఎగుమతుల మీద వచ్చే లాభానికి పన్ను మినహాయింపు ఇచ్చారు. 1958లో ఆర్థిక శాఖ కార్యదర్శి టి.కె. విటేకర్ తయారుచేసిన నివేదిక స్వయంసమృద్ధి విధానాన్ని వదిలి మార్కెట్లు తెరవాలని వాదించింది. మరుసటి ఏడాది ప్రధాని అయిన షాన్ లెమాస్ ఆ దారిలోనే నడిచారు.

అప్పుడే షానన్ విమానాశ్రయానికి ఓ కష్టం వచ్చింది. అట్లాంటిక్ దాటే విమానాలు చాలా వరకు ఇంధనం కోసం అక్కడ ఆగేవి. ప్రపంచంలో తొలి డ్యూటీ ఫ్రీ దుకాణం 1947లో అక్కడే తెరిచారంటే ఎంత రద్దీ ఉండేదో ఊహించవచ్చు. జెట్ విమానాలు రావడంతో ఆగాల్సిన అవసరం తప్పింది. విమానాలు ఆగకపోతే వ్యాపారాలను రప్పిద్దామని, డ్యూటీ ఫ్రీ దుకాణం పెట్టిన బ్రెండన్ ఓరెగాన్ చొరవతో 1959లో విమానాశ్రయం పక్కనే పన్నుల మినహాయింపు మండలం ఏర్పాటైంది. తర్వాత మన దగ్గర కాండ్లాలోనూ, విశాఖపట్నం దువ్వాడలోనూ వచ్చిన తరహా మండలాలకు ప్రపంచంలోని తొలి నమూనాల్లో షానన్ ఒకటి.

1973లో ఐర్లాండ్ నేటి ఐరోపా సంఘానికి పూర్వరూపమైన యూరోపియన్ ఆర్థిక సమాజంలో చేరింది. ఎగుమతిదారులకు ఒక పన్ను, దేశీయ మార్కెట్‌కు అమ్మేవాళ్లకు మరో పన్ను ఉండటం అక్కడి నిబంధనలకు కుదరదు. దాంతో 1981 నుంచి తయారీ రంగం మొత్తానికీ 10 శాతం పన్ను పెట్టారు. తయారీకి ఒకటి, సేవలకు ఒకటి ఎందుకన్న అభ్యంతరం మళ్లీ వచ్చింది. 2003 నుంచి వ్యాపార లాభాలన్నిటికీ 12.5 శాతం స్థిరపడింది. బ్రస్సెల్స్‌లోని ఐరోపా పెద్దలు వివక్ష వద్దన్న ప్రతిసారీ తక్కువ పన్ను మరికొంత మందికి విస్తరించిందే తప్ప రద్దు కాలేదు.

2010లో బ్యాంకులు కుప్పకూలి, దేశం ఐరోపా సంఘం, ఐఎంఎఫ్ సాయం కోసం చేయి చాచినప్పుడు కూడా ఇదే కనిపించింది. పన్ను పెంచాలని ఫ్రాన్స్, జర్మనీ ఒత్తిడి తెచ్చాయి. ఐర్లాండ్ జీతాలు కోసుకుంది, కొత్త పన్నులు వేసుకుంది. 12.5 శాతాన్ని మాత్రం ముట్టుకోనివ్వలేదు.

పన్ను ఒక్కటే కారణమంటే పొరపాటు. 1967 నుంచి ఉచితంగా ఇచ్చిన హైస్కూలు చదువు, ఇంగ్లిష్ భాష, 1993 నుంచి ఐరోపా ఏకీకృత మార్కెట్, పెట్టుబడిదారుల వెంటపడి రప్పించే ఐడీఏ అనే ప్రభుత్వ సంస్థ, ఇవన్నీ కలిశాయి. తక్కువ పన్నున్న దేశాలు ఇంకా ఉన్నాయి. ఐరోపా మార్కెట్ లోపల ఉండి, ఇంగ్లిష్‌లో పని నడిచే తక్కువ పన్ను దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా లేవు.

కంటికి కనిపించే పెట్టుబడి

డబ్లిన్‌కు పడమరన, లిఫీ నది ఒడ్డున లీక్స్‌లిప్ అనే పట్టణం ఉంది. ఇంటెల్ 1989లో దాన్ని ఎంచుకుంది. 2023 సెప్టెంబరులో అక్కడ ప్రారంభించిన కొత్త చిప్ ఫ్యాక్టరీ ఐరోపాలోని అత్యాధునిక యూనిట్లలో ఒకటి. దక్షిణాన కార్క్ రేవు చుట్టూ మందుల కంపెనీల ప్లాంట్లు బారులు తీరి ఉంటాయి. అదే కార్క్‌లో హోలీహిల్ అనే చోట యాపిల్ 1980 నుంచి ఉంది. ఐడీఏ అండతో వచ్చిన విదేశీ కంపెనీల్లో పనిచేసేవాళ్లు సుమారు 3 లక్షల మంది. దేశంలోని ఉద్యోగుల్లో తొమ్మిదో వంతు. జీతాలు సగటు కంటే ఎక్కువ కాబట్టి ఆదాయపు పన్నులో వాళ్ల వాటా అంతకంటే ఎక్కువ.

ఇలా కనిపించే పెట్టుబడి కూడా వెళ్లిపోవచ్చు. లిమరిక్ పట్టణంలో డెల్ కంప్యూటర్లు తయారయ్యేవి. 2009 జనవరిలో ఆ కంపెనీ 1,900 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు, తయారీని పోలండ్‌లోని ఉడ్జ్ నగరానికి మారుస్తున్నట్టు ప్రకటించింది. ఆ కంపెనీకి విడిభాగాలు, ప్యాకింగ్ సరఫరా చేసే చిన్న సంస్థల మీదా ఆ దెబ్బ పడింది. విదేశీ ఫ్యాక్టరీలకూ స్థానిక పరిశ్రమలకూ ముడి గట్టిగా పడలేదని 1982లోనే టెలిసిస్ అనే కన్సల్టెన్సీ సంస్థ ప్రభుత్వానికి నివేదిక ఇచ్చింది. ఆ విమర్శ నేటికీ పూర్తిగా తీరలేదు. కూలి ఖర్చు పెరిగే కొద్దీ ఐర్లాండ్ చేసింది ఒకటే: బిగించే పని పోయిన చోట చిప్పులు, బయోటెక్ మందులు, సాఫ్ట్‌వేర్ తెచ్చుకోవడం.

పుస్తకాల్లో ఉండే పెట్టుబడి

2015లో ఏం జరిగింది? బహుళజాతి సంస్థలు తమ పేటెంట్లు, డిజైన్ల వంటి మేధో హక్కులను భారీగా ఐరిష్ అనుబంధ సంస్థల పేరిట మార్చాయి. ఇక్కడ ఒక ఫోన్‌ను తీసుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఫోన్ డిజైన్ హక్కు ఐర్లాండ్‌లోని కంపెనీది. ఆ కంపెనీ చైనాలోని ఫ్యాక్టరీకి కాంట్రాక్టు ఇచ్చి ఫోన్ చేయించుకుంటుంది. ఫోన్ చైనా నుంచి నేరుగా జర్మనీకి వెళ్లి అమ్ముడవుతుంది. ఐర్లాండ్ గడ్డను అది తాకనే లేదు. అయినా సరుకు యజమాని ఐరిష్ కంపెనీ కాబట్టి ఆ అమ్మకం ఐర్లాండ్ ఎగుమతి అవుతుంది, లాభం ఐర్లాండ్ జీడీపీలో కలుస్తుంది.

విమానాల సంగతీ ఇలాంటిదే. విమానం ఎక్కేటప్పుడు తలుపు చట్రం మీద కొన్నిసార్లు చిన్న లోహపు పలక కనిపిస్తుంది. విమానం అసలు యజమాని ఎవరో దాని మీద రాసి ఉంటుంది. అది తరచూ డబ్లిన్‌లోనో షానన్‌లోనో ఉన్న లీజింగ్ సంస్థ అవుతుంది. టోనీ రయన్ 1975లో షానన్‌లో మొదలుపెట్టిన వ్యాపారం నుంచి పెరిగిన ఈ రంగం, ప్రపంచంలోని లీజు విమానాల్లో సగానికి పైగా నిర్వహిస్తోంది. శంషాబాద్‌లో దిగే విమానం ఐర్లాండ్ ఆస్తుల పట్టికలో ఉండటం వింతేమీ కాదు.

చిరునామా మార్చుకున్న కంపెనీలు ఇంకో రకం. తెలుగు ఐటీ ఉద్యోగులకు బాగా తెలిసిన యాక్సెంచర్ 2009లో తన రిజిస్ట్రేషన్‌ను బెర్ముడా నుంచి ఐర్లాండ్‌కు మార్చుకుంది. హైదరాబాద్ ఆఫీసులో పనిచేసేవాళ్లు తమది అమెరికా కంపెనీ అనుకోవచ్చు. చట్టం దృష్టిలో అది ఐరిష్ కంపెనీ.

ఈ గందరగోళం తట్టుకోలేక గణాంక కార్యాలయం 2017 నుంచి ‘సవరించిన జాతీయాదాయం’ అనే మరో కొలత ప్రకటిస్తోంది. మేధో హక్కుల తరుగుదల, లీజు విమానాల తరుగుదల, చిరునామా మార్చుకున్న కంపెనీల లాభాలు అందులోంచి తీసేస్తారు. 2023లో జీడీపీ 51,000 కోట్ల యూరోల పైన ఉంటే, ఈ సవరించిన ఆదాయం సుమారు 29,000 కోట్లు. అంటే ప్రపంచం చూసే అంకెలో ఐదింట మూడు వంతుల లోపే ఐరిష్ ప్రజల ఆర్థిక జీవితానికి దగ్గరగా ఉంది. అయితే ఐరోపా సంఘం బడ్జెట్‌కు చందా కట్టేటప్పుడు ఈ సవరింపు చెల్లదు. సవరించని జాతీయాదాయం మీదే కట్టాలి.

లక్సెంబర్గ్‌తో తేడా ఎక్కడ?

పుస్తకాల్లోని పెట్టుబడి ఐర్లాండ్‌కే పరిమితం కాదు. ప్రపంచ ఎఫ్‌డీఐలో దాదాపు 40 శాతం ఖాళీ కంపెనీల గుండా వెళ్లేదేనని 2019లో ఐఎంఎఫ్ పత్రికలో వచ్చిన పరిశోధన అంచనా వేసింది. 6 లక్షల మంది ఉన్న లక్సెంబర్గ్‌లో 4 లక్షల కోట్ల డాలర్ల ఎఫ్‌డీఐ ఉన్నట్టు అందులో తేలింది. మన దగ్గర మారిషస్ కథ తెలిసిందే. 1983 నాటి పన్ను ఒప్పందం చలవతో ఆ చిన్న ద్వీపం ఏళ్ల తరబడి భారత్‌కు అతిపెద్ద పెట్టుబడిదారుగా కనిపించింది. 2016లో ఒప్పందం సవరించారు.

వీటికీ ఐర్లాండ్‌కూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. లక్సెంబర్గ్, మారిషస్‌లలో పుస్తకాల పెట్టుబడి ఎక్కువగా వచ్చి పోయేది. ఐర్లాండ్‌లో పేటెంటు ఉంచుకున్న కంపెనీకి తరచూ అక్కడే వేల మంది ఉద్యోగులు కూడా ఉంటారు. ఈ తేడా వల్లే పన్ను ఎగవేతను అరికట్టే సంస్కరణలు ఐర్లాండ్‌కు నష్టం చేయకపోగా లాభం తెచ్చాయి.

గతంలో ‘డబుల్ ఐరిష్’ అనే ఏర్పాటు ఉండేది. కంపెనీ రిజిస్టరయ్యేది ఐర్లాండ్‌లో, నిర్వహణ మాత్రం బెర్ముడా నుంచి అని చూపేవారు. ఐరిష్ చట్టం ప్రకారం అది అక్కడి పన్ను పరిధిలోకి రాదు, బెర్ముడాలో పన్నే లేదు. విమర్శలు పెరగడంతో 2015 నుంచి కొత్త కంపెనీలకు ఈ దారి మూసేశారు, పాతవాటికి 2020 చివరి దాకా గడువిచ్చారు. అదే సమయంలో ఎక్కువగా సంపన్న దేశాలతో కూడిన ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ కొత్త సూత్రం తెచ్చింది: లాభం చూపే చోట నిజమైన పని, మనుషులు ఉండాలి. బెర్ముడాలో మనుషులు లేరు. డబ్లిన్‌లో, కార్క్‌లో ఉన్నారు. కంపెనీలు తమ హక్కులను ద్వీపాల నుంచి తెచ్చి, మనుషులున్న చోటే పెట్టుకున్నాయి. మేధో హక్కుల కొనుగోలు ఖర్చును లాభంలోంచి తగ్గించుకునే వెసులుబాటును ఐర్లాండ్ 2009 నుంచే ఇస్తోంది. అదీ కలిసొచ్చింది.

పది లక్షలకు యాభై యూరోలు

యాపిల్ కేసు ఈ మార్పుకు రెండు వైపులా చూపిస్తుంది. యాపిల్‌కు చెందిన ఓ ఐరిష్ సంస్థ 2014లో తన ఐరోపా లాభాలపై కట్టిన పన్ను 0.005 శాతమని ఐరోపా సంఘపు కార్యనిర్వాహక విభాగమైన యూరోపియన్ కమిషన్ లెక్క కట్టింది. పది లక్షల యూరోల లాభానికి యాభై యూరోలు. ఇది అక్రమ రాయితీ అంటూ 2016 ఆగస్టులో 1,300 కోట్ల యూరోలు వసూలు చేయమని ఐర్లాండ్‌ను ఆదేశించింది.

ఐర్లాండ్ ఆ డబ్బు వద్దంటూ యాపిల్ పక్కన నిలబడి కోర్టుకెళ్లింది. బయటివాళ్లకు ఇది విడ్డూరంగా తోచింది. పన్ను విషయంలో ఇచ్చిన మాట తప్పే దేశమన్న పేరు వస్తే, ఆ 1,300 కోట్ల కంటే ఎక్కువ పోతుందన్నది డబ్లిన్ లెక్క. 2020లో దిగువ కోర్టు ఐర్లాండ్ వైపు తీర్పిచ్చింది. 2024 సెప్టెంబరు 10న ఐరోపా సంఘపు అత్యున్నత న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. వద్దన్న సొమ్ము వడ్డీతో కలిపి సుమారు 1,400 కోట్లయి ఖజానాకు చేరింది.

ఒంటి స్తంభం మేడ

కార్పొరేట్ పన్ను రాబడి 2014లో దాదాపు 460 కోట్ల యూరోలు. 2023లో 2,380 కోట్లు. 2024లో యాపిల్ బకాయిల తొలి భాగం తీసేసినా దాదాపు 2,800 కోట్లు. ఐరోపాలో చాలా ప్రభుత్వాలు లోటుతో తంటాలు పడుతున్న కాలంలో ఐర్లాండ్ మిగులు చూపింది.

మేడ పెద్దదే, స్తంభాలే తక్కువ. మొదటి పది కంపెనీలే సగానికి పైగా కడుతున్నాయి. 2022లో 43 శాతం మూడు కంపెనీల నుంచే వచ్చిందని ప్రభుత్వ ఆదాయ వ్యయాలపై నిఘా ఉంచే అక్కడి ఫిస్కల్ కౌన్సిల్ అంచనా. అందులో ఒక కంపెనీ బోర్డు తన పేటెంట్లను వేరే దేశానికి మార్చాలనుకుంటే, ఫ్యాక్టరీ తాళం వేయనక్కర్లేదు, ఒక్క ఉద్యోగీ పోనక్కర్లేదు, బడ్జెట్‌లో మాత్రం పెద్ద బొక్క పడుతుంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నట్టు, 2024లో ప్రభుత్వం రెండు నిధులు పెట్టింది. ఒకటి దీర్ఘకాలిక పొదుపుకు, మరొకటి మౌలిక సదుపాయాలు, వాతావరణ అవసరాలకు.

డబ్బు ఉన్నా కరెంటు, ఇళ్లు లేవన్నది మరో చిక్కు. దేశంలో మీటర్ల ద్వారా వాడే కరెంటులో డేటా సెంటర్ల వాటా 2015లో 5 శాతం, 2023లో 21 శాతం. పట్టణాల్లోని ఇళ్లన్నీ కలిపి వాడింది 18 శాతమే. డబ్లిన్ ప్రాంతంలో కొత్త కనెక్షన్లపై నియంత్రణ సంస్థ 2021లోనే కఠిన షరతులు పెట్టింది. అద్దె ఇళ్ల కొరత సంగతి మాస్టర్స్‌కో ఉద్యోగానికో అక్కడికి వెళ్లిన తెలుగువాళ్లను అడిగితే చెబుతారు. వీసా వచ్చాక మొదలయ్యే టెన్షన్ గది వెతుక్కోవడమే. మనుషులకు ఇల్లు దొరకని ఊరికి కొత్త కంపెనీ రావడానికి తటపటాయిస్తుంది.

వాషింగ్టన్ వైపు చూపు

2024లో ఐర్లాండ్ అమెరికాకు చేసిన సరుకుల ఎగుమతులు 7,200 కోట్ల యూరోలు దాటాయి. మొత్తం ఎగుమతుల్లో దాదాపు మూడో వంతు. ఎక్కువ భాగం మందులు. ఉదాహరణకు కార్క్ దగ్గరి కిన్‌సేల్‌లో ఎలీ లిల్లీ ప్లాంటు బరువు తగ్గించే మందుల ముడిపదార్థం తయారుచేస్తుంది. తూకంలో తక్కువ, ధరలో ఆకాశం. హైదరాబాద్ చుట్టుపక్కల తయారయ్యే జెనరిక్ మందులతో పోలిస్తే తేడా తెలుస్తుంది. జెనరిక్‌లో ధర తయారీ ఖర్చుకు దగ్గరగా ఉంటుంది. పేటెంటు ఉన్న మందులో ధర అంతా ఆ పేటెంటుదే, అది నమోదై ఉన్న దేశానికి లాభం చేరుతుంది.

అమెరికా మందుల పరిశ్రమను ఈ చిన్న ద్వీపం పట్టుకుపోయిందని 2025 మార్చిలో ఐరిష్ ప్రధాని మీహాల్ మార్టిన్ ఎదుటే ట్రంప్ అన్నారు. సుంకాలు పడకముందే సరుకు దాటించాలని కంపెనీలు తొందరపడటంతో ఆ ఏడాది మొదటి మూడు నెలల్లో ఎగుమతులు, జీడీపీ ఎగబాకాయి. భయం వల్ల వృద్ధి పెరగడం ఐర్లాండ్‌కే చెల్లింది. జులై 27న కుదిరిన ఒప్పందంలో ఐరోపా సరుకులపై సుంకం 15 శాతానికి పరిమితమైంది, మందులకూ అదే గరిష్ఠం. మందుల కంపెనీలు అమెరికాలో కొత్త ప్లాంట్లు ప్రకటిస్తున్నాయి. ఉన్న ఐరిష్ ప్లాంట్లను రాత్రికి రాత్రి మార్చలేరు, ఒక మందుల యూనిట్ కట్టి అనుమతులు తెచ్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఐర్లాండ్ కోల్పోయే అవకాశం ఉన్నది రాబోయే తరం ప్లాంట్లు.

పన్ను వైపు మార్పు నెమ్మదిగా వస్తోంది. ఓఈసీడీ కనీస పన్ను ఒప్పందానికి ఐర్లాండ్ 2021 అక్టోబరులో తలొగ్గింది. ఏటా 75 కోట్ల యూరోలకు మించి టర్నోవర్ ఉన్న సంస్థలకు 2024 నుంచి 15 శాతం వర్తిస్తోంది, చిన్నవాటికి 12.5 అలాగే ఉంది. పోయిన ఆకర్షణను కొంతైనా పూడ్చడానికి పరిశోధన ఖర్చుపై రాయితీని 2024లో 25 నుంచి 30 శాతానికి పెంచారు. 2025 జూన్‌లో జీ7 దేశాలు అమెరికా మాతృసంస్థలకు ఈ ఒప్పందంలోని కొన్ని నిబంధనల నుంచి మినహాయింపు ఇవ్వడానికి అంగీకరించాయి. 12.5ను 15కు చేర్చడానికి ఐర్లాండ్ తన గడ్డ మీద తానే వసూలు చేసుకునే రెండున్నర శాతం అదనపు పన్ను మాత్రం ఆ మినహాయింపులోకి రాదు. 2024 లాభాలపై దాని తొలి చెల్లింపునకు గడువు 2026 జూన్ 30.